చెట్టు కింద ఒక ధర, రోడ్డెక్కాక ఒక ధర: జీలుగు కల్లు మారుబేరం

క్లుప్తంగా: నిల్వ ఉండే సరుకు కరువైతే మారుబేరం దాని ధర పెంచుతుంది. నిల్వ ఉండని సరుకైతే ధరకన్నా ముందు సరుకే పల్చబడుతుంది. ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల జీలుగు కల్లుకూ బెల్జియం మఠంలో కాచే బీరుకూ అసలు తేడా ఇదే. మారుబేరంలో ఏది సేవ, ఏది మోసం అన్న లెక్క ఇక్కడి నుంచే తేలాలి.

చలి ముదిరేసరికి గుణుపురం, రాయగడ, జయపురం, పర్లాకిమిడి వైపు జీలుగు కల్లు మాట మొదలవుతుంది. ఒడియాలో దీన్ని సలప అంటారు. పొలానికి పచ్చిరొట్టగా చల్లే జీలుగు వేరు, ఇది వేరు. పేరు మాత్రమే ఒకటి. ఇది తాటి, ఈత జాతుల కుటుంబంలోనిదే, ఆకు చివర చేప తోకలా చీలి ఉంటుంది. చెట్లు ఎక్కువగా సవర, కోందు గిరిజనుల ఇళ్లవి. పట్నంలో ఉండే తెలుగువాడికి చెట్టు లేదు. కొండెక్కి చెట్టు కింద తాగాలి, లేదా తెల్లవారుజామున బండి మీద డబ్బాలు దింపే మనిషి దగ్గర కొనాలి. ఆ మనిషి అడిగే ధర చెట్టు కింద ధరకు రెట్టింపైతే అది దోపిడీయా, కూలీయా? సమాధానం రూపాయల్లో కన్నా గంటల్లో ఎక్కువగా ఉంది.

చెట్టుకు తొందర లేదు

జీలుగు మొదటి గెల వేయడానికి సుమారు 10 నుంచి 15 ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా చెట్టు కాండంలో పిండి కూడబెట్టుకుంటుంది. గెలలు పైనుంచి మొదలై ఏటేటా కిందికి దిగుతూ వస్తాయి. అట్టడుగు గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. పక్క పిలకలు రావు, మళ్లీ విత్తనమే గతి. కరువు రోజుల్లో చెట్టును కొట్టి ఆ పిండినే తిన్నారు. సామర్లకోటలో మొక్కల తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ ఈ పిండి గురించీ రాశాడు, కల్లు గురించీ రాశాడు. మంచి చెట్టు 24 గంటల్లో 100 పింట్లు ఇస్తుందని ఆయన లెక్క, అంటే 50 లీటర్లకు అటూఇటూ. అది గొప్ప చెట్టు సంగతి. మామూలు చెట్టుకు రోజుకు 10 లీటర్ల చుట్టుపక్కల అనుకోవచ్చు.

గెల విచ్చుకోకముందే దాని కొస కోసి, రోజుకు రెండు పూటలా పల్చటి పొర తీస్తూ ఉంటే రసం కారుతుంది. ఒకటి రెండు రోజులు కోత మానితే గాయం మూసుకుపోతుంది, ధార సన్నబడుతుంది. అందుకే గిరాకీ ఉన్నా లేకపోయినా గీసే మనిషి వెదురు నిచ్చెన ఎక్కాల్సిందే. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు వదిలేసిన ఒంటి వెదురే ఆ నిచ్చెన. ఈ ధారను కుళాయిలా సంత రోజు తిప్పి మిగతా రోజులు కట్టేయడం కుదరదు. చాటికోన సంత బుధవారం, కుందులి సంత శుక్రవారం. ఆ రోజుల్లో దిగిన కల్లు దిగినట్టే అయిపోతుంది. మిగతా రోజుల్లో ఊరు తాగగా మిగిలింది పారబోయాలి, లేదా ఎవరైనా మోసుకుపోవాలి. మారుబేరగాడికి మొదట చోటు దొరికేది ఇక్కడే: సంత లేని రోజు మిగులును అతను రూపాయిగా మారుస్తాడు. ఆ మేరకు అతను ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోవడం లేదు.

డబ్బాలో ఏం జరుగుతుంది

కోత నుంచి జారే చుక్క దాదాపు చక్కెర నీరే. కుండలో పడిన క్షణం నుంచి పులియడం మొదలవుతుంది, ఎందుకంటే నిన్నటి కుండ గోడలకు పట్టిన తెట్టులోనే ఈస్టు ఉంటుంది. బీరు కాచేవాళ్లు ఈస్టును విడిగా పెంచి కొలిచి వేస్తారు. ఇక్కడ కుండే ఆ పని చేస్తుంది. కొన్ని ఊళ్లలో ఘాటు కోసం చెట్ల బెరడు కూడా వేస్తారు.

ముందు ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు గ్యాసుగా మారుస్తుంది. ఒక రోజులో ఆల్కహాలు 4, 5 శాతం దాకా చేరుతుంది. ఆ తర్వాత గాలి తగిలిన చోట వేరే బాక్టీరియా ఆ ఆల్కహాలునే వెనిగరు చేస్తుంది. తీపి, తీపి పులుపు, పులుపు, ఆపైన వెనిగరు: ఈ నాలుగు మెట్లు ఎంత వేగంగా దిగుతాయన్నది వేడిని బట్టి ఉంటుంది. 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది. కోరాపుట్ కొండ మీద జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న కల్లు, గుణుపురం దిగి 30 డిగ్రీల ఎండలో నిలబడితే దాని గడియారం నాలుగింతలు వేగంగా తిరుగుతుంది. కొండ మీద తాగిన రుచి పట్నంలో రాలేదని అనేవాళ్లు అందుకు కల్తీనే కారణం అనుకోనక్కర్లేదు. చాలాసార్లు దారి చాలు.

గ్యాసు సంగతి రవాణా చేసేవాళ్లకు బాగా తెలుసు. 20 లీటర్ల కల్లులో ఆల్కహాలు మరో 1 శాతం పెరిగితే 80 లీటర్లకు పైగా గ్యాసు పుడుతుంది. మూత బిగిస్తే డబ్బా ఉబ్బుతుంది, గతుకుల రోడ్డులో మూత ఎగిరిపోతుంది. మూత వదులు చేస్తే నురగ పొంగి బండి మీద కారుతుంది. అందుకే 20 లీటర్ల డబ్బాలో 17కు మించి పోయకూడదు. మూతకు బదులు నోటికి ఆకు చుట్టి గుడ్డ కట్టడం, లేదా మూత ఒక మర వదిలి ఉంచడం మంచిది. గుడ్డలో వడగడితే పురుగు, చెత్త పోతాయి, ఈస్టు పోదు. చల్లగా ఉంచాలంటే ఐసు ముక్కలు లోపల వేయకూడదు, కరిగితే నీళ్లే. నీళ్లు గడ్డకట్టించిన సీసాలను డబ్బా చుట్టూ గోనెతో కట్టాలి. ఖాళీ డబ్బాను చన్నీళ్లతో కడిగి మర్నాడు వాడితే నిన్నటి పులుపు ఈరోజు కల్లుకు గంటల ముందే ఎక్కుతుంది. వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లించడం ఒక్కటే మందు.

అసలు పులియకుండా ఆపాలంటే కుండ లోపల సున్నం పూయాలి, దింపగానే 4 డిగ్రీల చలికి చేర్చాలి. అప్పుడది నీరా అవుతుంది, కల్లు కాదు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద తెరిచిన నీరా కేఫ్ లాంటివి నిలబడేది ఈ చలి గొలుసు మీదే. కొండ దారిలో ఆ గొలుసు లేదు. దాని బదులు తెల్లవారుజాము 4 గంటలకు కిక్కు కొట్టే మోటారు సైకిలు ఉంది.

మారుబేరగాడి పుస్తకం

ధరలు ఊరికీ నెలకీ మారతాయి. కింది అంకెలు లెక్క నడక చూపడానికి అనుకున్నవే.

రెండు డబ్బాల్లో 34 లీటర్లు. చెట్టు దగ్గర లీటరు 30 రూపాయలైతే కొనుగోలు 1,020. రానూపోనూ 70 కిలోమీటర్లకు పెట్రోలు 150. ఐసు సీసాలు, గుడ్డ, కడుగుడు 50. మొత్తం ఖర్చు 1,220. నురగలోనూ అడుగు మడ్డిలోనూ 2 లీటర్లు పోగా అమ్మకానికి మిగిలేది 32. మామూలు రోజు పొద్దున తీపి పోకముందు 20 లీటర్లు 60 చొప్పున పోతే 1,200. ఎండెక్కాక 8 లీటర్లు 40కి పోతే 320. చివరి 4 లీటర్లు పారబోత. వచ్చింది 1,520, మిగిలింది 300. కొన్నదానికి రెట్టింపు ధరకు అమ్మినా చేతికొచ్చింది ఒక మనిషి పొద్దు కూలీ. దారిలో ఒక పంక్చరు పడి మూడు గంటలు ఆలస్యమై ఆ 20 లీటర్లు కూడా 40కే పోతే 300 లాభం 100 నష్టమవుతుంది.

ఇప్పుడు ఇందులో నీళ్లు కలపండి. మామూలు రోజు 6 లీటర్ల నీళ్లంటే 6 లీటర్లు తక్కువ కొనడం, 180 ఆదా. లాభం 300 నుంచి 480కి వెళ్తుంది. సంత రోజు మొత్తం 60కే పోతుందనుకుంటే నీళ్లు లేకుండానే 700 మిగులుతుంది, ఆ 6 లీటర్ల నీళ్లు అదనంగా 60కే అమ్ముడైతే 1,060. అమ్మే మనిషి మంచివాడా కాదా అన్న ప్రశ్న కన్నా ఈ అంకె బలమైనది. రవాణా కష్టానికి దొరికేది సన్నపు లాభం. కుళాయి నీళ్లకు దొరికేది ఖర్చు లేని లాభం. కొనేవాడు తేడా కనిపెట్టలేకపోతే నీళ్లు కలపనివాడు బజారులో నిలబడలేడు.

కనిపెట్టడం సులువు కాదు. పాలకు లాక్టోమీటరు ఉన్నట్టు కల్లుకు సాంద్రత కొలిస్తే ఏం తేలదు: చక్కెర పులిసి ఆల్కహాలైనా సాంద్రత తగ్గుతుంది, నీళ్లు కలిపినా తగ్గుతుంది. నాలుకే కొంత నయం. సహజమైన కల్లులో తీపీ మత్తూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి, మత్తు ఎక్కేకొద్దీ తీపి తగ్గాలి. మధ్యాహ్నం రెండు గంటలకు కూడా పొద్దుటి తీపి ఉండి, పైగా గట్టిగా ఎక్కుతుంటే అందులో సాక్రీన్ (కృత్రిమ తీపి) ఉందని అనుమానించాలి. రెండు గ్లాసులకే నిద్ర ముంచుకొస్తే అనుమానం ఇంకా పెద్దది. తెలంగాణలో చెట్ల కన్నా తాగేవాళ్లు ఎక్కువైన చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ లాంటి మత్తు మందులు కల్లులోకి వచ్చాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మొదటి మెట్టు నీళ్లు. నీళ్లతో పోయిన ఘాటును మరో దానితో పూడ్చడం రెండో మెట్టు.

బెల్జియం మఠం నేర్చుకున్నది

ఇదే తగువు బీరు లోకంలో తలకిందులుగా నడిచింది. బెల్జియంలోని వెస్ట్‌ఫ్లెటెరెన్ ఊళ్లో సెయింట్ సిక్స్టస్ మఠం సన్యాసులు తమ ఖర్చులకు సరిపడా మాత్రమే బీరు కాస్తారు. గిరాకీ పెరిగిందని కాపు పెంచరు, ధరా అంతగా పెంచరు. 2018 నాటికి ఫోన్‌లో ముందే చెప్పుకుని, కారు నంబరు ఇచ్చి, మఠం గుమ్మం దగ్గరకే వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఒక్కొక్కరికి రెండు క్రేట్లే, మళ్లీ 60 రోజుల దాకా దొరికేది కాదు. తిరిగి అమ్మకూడదన్నది షరతు. వాళ్ల 12 నంబరు బీరు 10.2 శాతం ఆల్కహాలు ఉన్న ముదురు రకం, సీసాలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఉన్నకొద్దీ బాగుపడుతుందని కొందరి నమ్మకం. ఇలాంటి సరుకు మారుబేరానికి బంగారం. 2018లో ఒక డచ్ సూపర్ మార్కెట్ గొలుసు వేల సీసాలు సంపాదించి, మఠం దగ్గర అప్పట్లో రెండు యూరోల లోపు పలికిన సీసాను సుమారు 10 యూరోలకు పెట్టింది. మఠం గట్టిగా అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాది ఫోన్ పద్ధతి బదులు పేరు నమోదుతో ఆన్‌లైన్ పద్ధతి తెచ్చింది.

ఇక్కడ మారుబేరగాడు బీరులో నీళ్లు కలపలేదు, కలపలేడు, సీల్ ఉంది. అతను తీసుకున్నది వేరే. మఠం కావాలని తగ్గించిన ధర తాగేవాడికి ఇచ్చిన కానుక. అది మధ్యలో మనిషి జేబులోకి వెళ్లింది. అర్థశాస్త్రం చదివినవాళ్లు దీన్ని కొట్టిపారేస్తారు: క్యూలో నిలబడే ఓపిక లేనివాడు డబ్బు ఇచ్చి ఆ ఓపిక కొన్నాడు, ఇద్దరికీ సమ్మతమే కదా అని. ఆ వాదనలో ఒక తునక నిజం ఉంది. అయితే మారుబేరం కోసమే క్యూ పెరిగినప్పుడు, నిన్నటిదాకా ఆ ధరకు తాగగలిగిన మామూలు మనిషి వెనక్కి నెట్టబడతాడు. ఆ సమ్మతిలో అతని పేరు లేదు.

కాలిఫోర్నియా శాంటా రోసాలోని రష్యన్ రివర్ అనే చిన్న బ్రూవరీ 2005 నుంచి ఏడాదికోసారి ప్లినీ ద యంగర్ అనే బీరు దింపుతుంది. హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలు) వాసన దాని ప్రాణం. ఆ వాసన వారాల్లోనే వాడిపోతుంది. చాలా ఏళ్లు దాన్ని సీసాల్లో నింపలేదు, వచ్చినవాడికి పబ్బులోనే గ్లాసులో పోశారు. సీసా లేకపోతే మారుబేరం లేదు. కొండ ఊళ్లలో చెట్టు కిందే కూర్చుని, ఆనప బుర్రలో పోసుకుని తాగే పద్ధతి కూడా ఇలాంటిదే. బుర్ర చెట్టు దగ్గరే ఉన్నంతకాలం కల్లు ఎవరి చేతికి వెళ్తుందో చెట్టుగలవాడికి తెలుసు. డబ్బా వచ్చాక తెలియదు.

ఎవరి వాటా ఎటు పోయింది

మోసినవాడు, ఎండలో పారబోత నష్టం భరించినవాడు ధరలో వాటా అడగడం తప్పు కాదు. పైన లెక్కలో ఆ రెట్టింపు ధరలో కొవ్వు లేదు. తప్పు మొదలయ్యే చోట్లు వేరే ఉన్నాయి.

ఒకటి, ముందస్తు డబ్బు. పెళ్లికో వైద్యానికో చెట్టుగలవాడికి కొంత అప్పుగా ఇచ్చి, సీజను మొత్తం కల్లు తనకే పోయాలని, అదీ తను చెప్పిన ధరకే పోయాలని కట్టడి చేస్తే, అప్పుడు మారుబేరగాడు మిగులును మోయడం లేదు, చెట్టునే మూసేస్తున్నాడు. సంత రోజు ధర పెరిగినా ఆ పెంపు చెట్టు దాకా చేరదు. అప్పు ఎంత తీరిందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా ఉండదు. మఠం బీరు వేల సీసాలు సంపాదించి మళ్లీ అమ్మినవాడి పనికన్నా ఇది బరువైన పని, ఎందుకంటే మఠానికి బేరం మార్చే శక్తి ఉంది.

ఇంకొకటి, ఊరి వాటా. డొంగ్రియా కోందుల్లోనూ సవరల్లోనూ ప్రతి జీలుగు చెట్టూ ఒక ఇంటిది, తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. కానీ కల్లు ఇంటిది మాత్రమే కాదు. చుట్టాలు, పొరుగువాళ్లు వస్తే ధర మాట లేకుండా పోస్తారు, రేపు తను వాళ్ల చెట్టు కింద కూర్చుంటాడు గనక. పట్నం ధర కొండెక్కితే అలా ఊరికే పోసిన ప్రతి బుర్రా రూపాయలుగా కనబడడం మొదలవుతుంది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, అయినా చెట్టు లేని ముసలివాడి సాయంత్రం మారిపోయింది. మార్కెట్ వచ్చిన ప్రతి చోటా ఇదే జరిగిందిగా అనవచ్చు. నిజమే, అయితే పట్నం తాగుబోతు చెల్లించే 60లో ఈ ఖర్చు ఎక్కడా రాసి లేదని కూడా గుర్తుంచుకోవాలి.

మూడోది తాగేవాడికి చెప్పాల్సిన నిజం. ఏ ఊరి కల్లు, ఎన్నింటికి దింపింది: ఈ రెండు ముక్కలు చెప్పగలిగినవాడికి ఐదు రూపాయలు ఎక్కువిచ్చి కొనేవాళ్లు ఉంటేనే నీళ్లు కలపనివాడి లెక్క నిలుస్తుంది. డబ్బాకు సుద్దతో దింపిన గంట రాయడానికి ఖర్చేమీ లేదు. పొద్దుటిదీ నిన్న సాయంత్రందీ ఒకే డబ్బాలో కలపకపోవడం కూడా అంతే.

చట్టం ఎక్కడ నిలబడింది

1936 ఏప్రిల్ 1కి ముందు ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీవే. ఇప్పుడు కొండ ఒకటే, ఎక్సైజు చట్టాలు రెండు: ఒడిశాది, ఆంధ్రప్రదేశ్‌ది. మద్యం రాష్ట్రాల అంశం. గిరిజనులు తమ ఇంటి వాడకానికి సంప్రదాయ పానీయాలు చేసుకోవడాన్ని వదిలేయాలని, గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారాన్ని తగ్గించాలని కేంద్రం 1970ల మధ్యలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటి వాడకానికి ఉన్న ఆ వెసులుబాటు డబ్బా కట్టి పట్నంలో అమ్మేవాడికి వర్తించదు, అమ్మకానికి లైసెన్సు కావాలి. సరిహద్దు దాటిస్తే పార్వతీపురం, పాతపట్నం వైపు రెండో చట్టం కూడా తగులుకుంటుంది. 1996 నాటి పెసా చట్టం (గిరిజన షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం) ఆ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలంటుంది. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలే, గజపతిలో కొంత భాగం. అంటే సంత లేని రోజు మిగులు మాత్రమే బయటికి పోవాలని, ముందస్తు అప్పు మీద చెట్టు రాసివ్వకూడదని ఊరు తీర్మానించుకోవచ్చు. మఠం పెట్టిన రెండు క్రేట్ల షరతుకు ఇది కొండ రూపం.

ధర పెరిగితే చెట్టుకేమవుతుంది

మామూలు సరుకుకు ధర పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది. జీలుగుకు ధర పెరిగితే ముందు కోతలు పెరుగుతాయి, అంటే ఇదివరకు వదిలేసే గెలలు కూడా కత్తికి వస్తాయి. గీసిన గెల కాయదు. అన్ని గెలలూ గీస్తే ఆ చెట్టు వారసుడు లేకుండా పోతుంది. పడిన విత్తనాన్ని దూరం మోసే పునుగు పిల్లుల లాంటి జంతువులకూ తిండి ఉండదు. కొరత కనబడేది పదేళ్ల తర్వాత, అప్పటికి ఆ రోజుల్లో బేరం చేసినవాడు వేరే వ్యాపారంలో ఉంటాడు. శ్రీలంకలో ఇదే చెట్టును కితుల్ అంటారు, రసాన్ని కాచి పాకం, బెల్లం చేస్తారు. బెల్లం నిల్వ ఉంటుంది, నీళ్లు కలపడానికి వీల్లేదు, మారుబేరానికి గంటల తొందర లేదు. కానీ కాచడానికి కట్టె కావాలి, రసం సున్నపు కుండలో పులియకుండా దిగాలి. మిగులు మొత్తానికి అదే దారి కాకపోయినా, పారబోసే ఆ చివరి లీటర్లకు లెక్క కుదిరే అవకాశం ఉంది.

గెలల్లో ఒకదాన్ని కాయకు వదలడం వల్ల పోయేది కొన్ని వారాల కల్లు. కాయ పండి ఎరుపెక్కాక కోయాలి. గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, ఒంటికి తగిలితే దురద, మంట. కాయల్ని నీళ్లలో నానబెట్టి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని గుజ్జు వదిలించి, విత్తనాన్ని ఎండబెట్టకుండా నీడలో సంచుల్లో నాటాలి. మొలకకు నెలలు పడుతుంది. మొదటి రెండేళ్లు పశువులు, కొండ నిప్పు తగలకుండా చూడాలి. ఈ పనికి డబ్బు ఎవరివ్వాలన్నది మాత్రం లీటరు ధరలో ఇంకా ఎక్కలేదు.